ఇస్కపల్లి ఉప్పు మడి మట్టిలో మంచి జోన్ వచ్చింది, గైడ్ మాత్రం "పాతదే" అంటున్నారు. వదిలేయాలా?

ఉప్పుమడి_పిల్ల
ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ ఫైనలియర్, నెల్లూరు. మట్టిలో ఉండే యాక్టినోమైసీట్స్ (బూజులా పోగులు పోగులుగా పెరిగే ఒక రకం బ్యాక్టీరియా) నుంచి బ్యాక్టీరియాని చంపే పదార్థాలు వెతకడం నా ప్రాజెక్టు. ఇస్కపల్లి ఉప్పు మడుల గట్టు, మైపాడు దగ్గర సరుగుడు తోట, పొదలకూరు నిమ్మతోట, పెన్న ఒడ్డు, ఇన్ని చోట్ల మట్టి తెచ్చా. ఉప్పు మడి మట్టిలో ఒక కాలనీ వచ్చింది. పైన తెల్లటి పొడి, అడుగున లేత పసుపు. స్టెఫైలోకాకస్ పరిచిన ప్లేటు మీద పెడితే చుట్టూ 20 మిల్లీమీటర్ల దాకా శుభ్రంగా ఖాళీ చేసేసింది, ఈ ఖాళీనే జోన్ అంటాం.
సంతోషంగా తీసుకెళ్లి గైడ్‌కి చూపించా. "ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరికి ఇట్టాంటిది వస్తది, పాత యాంటీబయాటిక్కే అయ్యుంటది, 16ఎస్ (జన్యువు చదివి జాతి తేల్చే పరీక్ష) చేయించి థీసిస్ రాసెయ్" అన్నారు. ఒక్క పరీక్ష కూడా చేయకుండా పాతదని ఎట్టా చెప్తారు? ఇంట్లో నాన్న ఏమో మట్టితో ఆటలెందుకు, హైదరాబాద్‌లో క్యూసీ (నాణ్యత తనిఖీ) ఉద్యోగం చూసుకో అంటున్నాడు. నిజంగా దీన్ని పట్టుకుని ముందుకు పోవడం దండగేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

పొదలకూరు_నిమ్మ
మా ఊరి మట్టిలో ఏమొచ్చిందమ్మా? ముందు అది చెప్పు 😀

ఉప్పుమడి_పిల్ల
మీ నిమ్మతోటలో బాసిల్లస్ అనే బ్యాక్టీరియా విపరీతంగా వచ్చిందన్నా, ప్లేటంతా పాకింది. యాక్టినోలు తక్కువ.

పొదలకూరు_నిమ్మ
పశువుల ఎరువు బాగా వేశాం, అందుకేనేమో.

ఫెర్మెంటర్_కోవూరు
ఊరు కోవూరు, హైదరాబాద్‌లో ఫెర్మెంటేషన్ ప్లాంటులో చాలా ఏళ్లుగా చేస్తున్నా. కొంచెం వివరంగా చెప్తా.
మీ గైడ్ మాట మొరటుగా ఉన్నా లెక్క ఆయన వైపే ఉంది. మట్టిలోంచి ఇష్టమొచ్చినట్టు ఏరిన యాక్టినోమైసీట్లలో నూటికి పది దాకా స్ట్రెప్టోత్రిసిన్ చేసేవే ఉంటాయని ఈ రంగంలో వాళ్ల అంచనా. స్ట్రెప్టోమైసిన్ చేసేవి నూటికి ఒకటి, టెట్రాసైక్లిన్ చేసేవి వెయ్యికి ఒకటి. డాప్టోమైసిన్ లాంటిది కావాలంటే కోటి జల్లెడ పట్టాలి. కొత్తదాన్ని పట్టుకోవడమంటే రొట్టెల పండగ రోజు స్వర్ణాల చెరువు గట్టు మీద ఫోటో కూడా లేకుండా ఒక మనిషిని వెతకడమే. 1940 నుంచి 60 దాకా కంపెనీలు ప్రపంచమంతా మట్టి తవ్వి తేలికగా దొరికేవన్నీ ఏరేశాయి. ఆ తర్వాత దొరికిందే మళ్లీ మళ్లీ దొరుకుతుంటే విసుగొచ్చి మానుకున్నాయి.
కానీ "అయ్యుంటది" వేరు, "అయింది" వేరు. తేల్చడానికి కొన్ని పనులు నీ కాలేజీలోనే చేయొచ్చు. ముందు ఆ కాలనీని ద్రవ మాధ్యమంలో (పోషకాలు కలిపిన నీళ్లలో) పెంచు. ప్లేటు మీద బ్రహ్మాండంగా పనిచేసినవి ఫ్లాస్కులో పెడితే ఏమీ చేయకుండా కూర్చునేవి చాలా ఉంటాయి. ఫ్లాస్కులోనూ పనిచేస్తే వడపోసి ఇథైల్ అసిటేట్‌తో కలిపి ఊపు. చంపే గుణం ఇథైల్ అసిటేట్‌లోకి వచ్చిందా, నీళ్లలోనే ఉండిపోయిందా చూడు. నీళ్లలోనే మొండికేస్తే స్ట్రెప్టోత్రిసిన్ మీదో, స్ట్రెప్టోమైసిన్ కుటుంబం మీదో అనుమానపడాలి. ఆ రెండూ నీళ్లని వదలవు. ఆ తర్వాతే ఎల్‌సీ-ఎంఎస్. అది అణువు బరువు తూచే పరీక్ష. ఆ బరువు తెలిస్తే తెలిసిన పదార్థాల జాబితాతో పోల్చుకోవచ్చు.

ఉప్పుమడి_పిల్ల
ఇథైల్ అసిటేట్ మా ల్యాబులో ఉంది సార్! ఎల్‌సీ-ఎంఎస్ లేదు.

ఫెర్మెంటర్_కోవూరు
అది చాలా కాలేజీల్లో ఉండదులే. డబ్బు కట్టి బయట చేయించుకోవచ్చు. ముందు ఫ్లాస్కు సంగతి తేలనీ.

ఐసీయూ_సిస్టర్_ఒంగోలు
చెల్లెమ్మా, నేను ఐసీయూలో పనిచేసేదాన్ని. మీ కెమిస్ట్రీ నాకు అంతగా తెలీదు గానీ ఒకటి అడుగుతా. స్టెఫైలోకాకస్ మీదే ఎందుకు పరీక్షించావు? దానికి మా దగ్గర ఇంకా మందులున్నాయి, వాంకోమైసిన్ ఉంది, లినెజోలిడ్ ఉంది. మమ్మల్ని రాత్రుళ్లు నిద్రపోనివ్వనివి క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్. కల్చర్ రిపోర్టు వస్తే పైనుంచి కిందదాకా ఆర్, ఆర్, ఆర్, అంటే ఏ మందుకీ లొంగదని. చివరికి కోలిస్టిన్ ఒక్కటే గతి. అది ఎక్కిస్తూ కిడ్నీలు ఎక్కడ దెబ్బతింటాయో అని రోజూ క్రియాటినిన్ చూసుకుంటూ కూర్చోవాలి. పోయిన నెల ఒక బాలింత విషయంలో అట్టాగే కూర్చున్నాం. బతికింది. అందరూ బతకరు.

ఉప్పుమడి_పిల్ల
అక్కా, ఈకోలై మీద కూడా పెట్టా. చిన్న జోన్ వచ్చింది, 9 మి.మీ. ఉంటుంది. లెక్కలోకి రాదని రాయలేదు.

ఫెర్మెంటర్_కోవూరు
ఎందుకు రాదు? అసలు విషయం అదే! ఈకోలై, సిస్టర్ చెప్పిన ఆ రెండూ గ్రామ్ నెగెటివ్ రకం బ్యాక్టీరియా, వాటికి బయట ఇంకో పొర ఉంటుంది. చాలా మందులు ఆ పొర దాటి లోపలికి పోలేవు. పోయినా లోపల పంపులు బయటికి తోసేస్తాయి. 2015లో పేపర్లన్నీ రాసిన టీక్సోబాక్టిన్ అనే కొత్త యాంటీబయాటిక్ అంత గొప్పదైనా స్టెఫైలోకాకస్ లాంటి గ్రామ్ పాజిటివ్‌ల మీదే పనిచేస్తుంది. నీది ఈకోలైని కొంచెమైనా ఆపితే దాన్ని పక్కన పెట్టకు.

రొయ్యలగుంట_విడవలూరు
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మాది వనామి రొయ్యల సాగు. విబ్రియో బ్యాక్టీరియా వచ్చి గుంట గుంటే పోతుంటది. చెరువు అడుగు బురదలో వెతికితే దాన్ని చంపేది దొరకదా? డీలర్లు ప్రోబయోటిక్ అని డబ్బాలు డబ్బాలు అమ్ముతుండారు, లోపల ఏముందో ఆ దేవుడికే తెలియాలి.

ఐసీయూ_సిస్టర్_ఒంగోలు
అన్నా ముందు చెరువుల్లో యాంటీబయాటిక్ పోయడం ఆపండి. మీరు పోసిందే మా వార్డుకు వస్తది.

రొయ్యలగుంట_విడవలూరు
నేను పోయను సిస్టర్. పోసే వాళ్లున్నారు, కాదనను. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్ ఆనవాలు దొరికితే విదేశాల్లో కంటైనరే వెనక్కి పంపేస్తారు, రేటు పడిపోయి నష్టపోయేది పోయని మేము కూడా.

కావలి_లైబ్రరీ
క్లోరాంఫెనికాల్ మాట వచ్చింది కాబట్టి. అది కూడా మట్టిలోంచి వచ్చిందే. వెనెజులాలో కారకాస్ దగ్గర తీసిన మట్టిలో 1947లో దొరికింది, అందుకే ఆ సూక్ష్మజీవి పేరు స్ట్రెప్టోమైసెస్ వెనెజులే. టైఫాయిడ్‌కి అదే మొదటి గట్టి మందు. వాంకోమైసిన్ బోర్నియో అడవి మట్టిలోంచి, ఎరిత్రోమైసిన్ ఫిలిప్పీన్స్ మట్టిలోంచి, డాప్టోమైసిన్ టర్కీలో అరారత్ కొండ మట్టిలోంచి వచ్చాయి. సిస్టర్ గారు చెప్పిన కోలిస్టిన్ కూడా మట్టి బ్యాక్టీరియాదే, పేనీబాసిల్లస్. దాన్ని కోళ్లకీ రొయ్యలకీ మేతలో కలిపి పాడుచేస్తున్నారనే 2019లో మన ప్రభుత్వం పశువుల వాడకానికి నిషేధించింది.
మనవాళ్లకీ ఇందులో భాగముంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకి అధిపతిగా ఉన్నప్పుడే ఆరియోమైసిన్ వచ్చింది. మొదటి టెట్రాసైక్లిన్ అదే, 1948లో లోకానికి తెలిసింది. అదే ఏడాది ఆయన పోయారు.

ఫెర్మెంటర్_కోవూరు
ఆరియోమైసిన్ కోసం మట్టిని జల్లెడ పట్టి సూక్ష్మజీవిని కనిపెట్టింది బెంజమిన్ డగ్గర్ అని కూడా చేర్చండి సార్. రిటైరయ్యాక లెడర్లీలో చేరిన వృక్షశాస్త్రజ్ఞుడు, డెబ్బై దాటిన మనిషి. మట్టి మిస్సోరీ యూనివర్సిటీ పొలంలోది.

కావలి_లైబ్రరీ
అవును, ఆ పేరు ఉండాల్సిందే. ఇట్టాంటి పనుల్లో ప్లేట్ల ముందు కూర్చున్నవాళ్ల పేర్లు మరుగున పడిపోతాయి. స్ట్రెప్టోమైసిన్‌ని 1943లో చేతులతో పట్టుకున్నది ఆల్బర్ట్ షాట్జ్ అనే విద్యార్థి. 1952లో నోబెల్ వచ్చింది ఆయన గురువు వాక్స్‌మన్ ఒక్కడికే. షాట్జ్ అంతకుముందే కోర్టుకెళ్లి తన వాటా ఒప్పించుకోవాల్సి వచ్చింది. ఉప్పుమడి_పిల్లా, నోట్‌బుక్‌లో తేదీలు సరిగా వేసుకో.

నల్లరేగడి_కందుకూరు
మా నాయనమ్మ నాగులచవితికి పుట్ట దగ్గరికి తీసుకెళ్లి పుట్టమన్ను చెవులకి పెట్టేది, చెవిపోటు రాదని. వాపులకీ అదే పట్టు వేసేది. ఇప్పుడు ఇదంతా చదువుతుంటే ఆమెకి ఏదో తెలిసే చేసిందనిపిస్తోంది. పుట్టమన్నులో వెతికారా ఎవరన్నా?

ఐసీయూ_సిస్టర్_ఒంగోలు
అయ్యా, దండం పెడతా, చర్మం తెగిన చోట పుట్టమన్ను పెట్టొద్దు. ధనుర్వాతం క్రిమి మట్టిలోనే ఉంటది. బొడ్డు కోసిన చోట మట్టి, బూడిద పెట్టి పిల్లల్ని పోగొట్టుకున్న కాలం మన అమ్మమ్మలకి బాగా తెలుసు.

నల్లరేగడి_కందుకూరు
గాయం మీద అనలేదండీ, వాపు మీద అన్నా.

ఫెర్మెంటర్_కోవూరు
సిస్టర్ చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. వెతకడానికి మాత్రం మీ ప్రశ్న మంచిదే. ఐర్లండ్ దీవిలో బోహో అనే ఊళ్లో ఒక చోట మట్టిని గుడ్డలో మూటగట్టి జబ్బులకి వాడేవాళ్లు. 2018లో ఆ మట్టిలోంచి తీసిన స్ట్రెప్టోమైసెస్ ఒకటి మందులకి లొంగని క్రిముల్ని ల్యాబులో ఆపిందని రాశారు. కొన్ని రకాల చెదపురుగులూ తమ గూటిలో బూజు పెంచుకుంటాయి, అక్కడ యాక్టినోమైసీట్లు కూడా ఉంటాయి. కాబట్టి పుట్ట నుంచి నమూనా తీసుకోవడం తెలివైన పనే. తీసుకెళ్లాల్సింది ల్యాబుకి, చెవిలోకి కాదు.

మోడరేటర్
వైద్య సలహాల కోసం ఈ చర్చ కాదు. మట్టి మీదే మాట్లాడుకుందాం.

లెక్క_చూడు
అందరూ పిల్లని ఎక్కించేస్తున్నారు. నేను వేరే మాట చెప్తా, కోపం తెచ్చుకోకండి. అది నిజంగా కొత్తదే అనుకుందాం. తర్వాత ఏంటి? ఎలుకలు, విషపరీక్షలు, మనుషుల మీద మూడు దశలు, పదేళ్లు. అమెరికాలో అకాఓజెన్ అనే కంపెనీ ప్లాజోమైసిన్ తెచ్చింది, 2018లో అనుమతి వచ్చింది, 2019 ఏప్రిల్‌లో దివాలా తీసింది. మందు మంచిదే. కొత్త యాంటీబయాటిక్‌ని డాక్టర్లు దాచుకుని దాచుకుని వాడతారు, వాడాల్సింది కూడా అట్టాగే, ఇంక కంపెనీకి డబ్బు ఎక్కడిది? బీపీ మాత్ర జీవితాంతం మింగుతారు, ఇది వారం. వాళ్ల నాన్న చెప్పిందే సరి. క్యూసీ ఉద్యోగం చేసుకుంటూ సుఖంగా ఉండమనండి.

ఐసీయూ_సిస్టర్_ఒంగోలు
డబ్బు రాదని ఎవరూ వెతకకపోతే మేం రోగికి ఏం ఎక్కించాలి? సెలైనా? 2019 ఒక్క ఏడాదిలో మందులకి లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా పోయినవాళ్లు ప్రపంచంలో 12 లక్షల 70 వేల మంది అని లాన్సెట్‌లో లెక్క వేశారు.

లెక్క_చూడు
సిస్టర్, అవసరం లేదనలేదు. ఆ భారం ఒక ఎమ్మెస్సీ పిల్ల నెత్తిన పెట్టొద్దంటున్నా. ప్రభుత్వం పెట్టుకోవాలి.

ఫెర్మెంటర్_కోవూరు
లెక్క_చూడు గారి బాధలో న్యాయం ఉంది. కానీ దేశంలో దారి పూర్తిగా మూసుకుపోలేదు. చెన్నై కంపెనీ కనిపెట్టిన ఎన్‌మెటాజోబాక్టమ్‌కి 2024లో అమెరికా అనుమతి వచ్చింది. నాఫిత్రోమైసిన్ మనదేశంలో ప్రభుత్వ సాయంతోనే తయారైంది, దాని మూలం ఫిలిప్పీన్స్ మట్టిలో దొరికిన ఎరిత్రోమైసినే. అంతకు ముందు 1960ల్లో పింప్రిలో హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ వాళ్లు అక్కడి మట్టిలోంచే హామైసిన్ తీశారు, బూజు జబ్బులకి మందు.
ఇంకోటి. ఇందాక స్ట్రెప్టోత్రిసిన్ అంటే పాతది, పనికిరానిది అన్నట్టు వినిపించి ఉంటుంది. అది 1942లో దొరికింది, కిడ్నీలకి చేటని అటకెక్కించారు. ఆనాడు వాడింది కొన్ని రకాల మిశ్రమం. 2023లో హార్వర్డ్ వాళ్లు అందులో ఎఫ్ అనే రకాన్ని విడిగా తీసి చూస్తే, దేనికీ లొంగని క్లెబ్సియెల్లాని ఎలుకల్లో చంపింది, విషం కూడా డి అనే రకం కంటే తక్కువ.

ఐసీయూ_సిస్టర్_ఒంగోలు
అంటే చెల్లి దగ్గర ఉన్నది పాతదే అయినా పారేయకూడదన్నమాట!

ఫెర్మెంటర్_కోవూరు
అంతే. కల్చర్ మాత్రం గ్లిజరాల్‌లో పెట్టి మైనస్ 80లో దాచమ్మా. ప్లేటు నుంచి ప్లేటుకి పదేపదే మార్చుతూ పోతే మందు చేసే గుణం పోగొట్టుకునేవి ఉంటాయి. తర్వాత సూక్ష్మజీవుల్ని భద్రపరిచే చండీగఢ్ ఎంటీసీసీలోనో పుణెలోనో జమచేయొచ్చు.

పినాకిని_బయో
డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్తా. నాకు వేరే బాధ. అందరం ప్లేటులో పోసేది అదే స్టార్చ్ కేసిన్ అగార్, అదే 28 డిగ్రీలు, అదే వారం. అందుకే ఎప్పుడూ వచ్చేవి అవే స్ట్రెప్టోమైసెస్ జాతివి. మట్టిలో ఉన్న బ్యాక్టీరియాలో నూటికి తొంభై తొమ్మిది వంతులు మన ప్లేట్ల మీద పెరగనే పెరగవు. టీక్సోబాక్టిన్ దొరికింది అట్టాంటి దాంట్లోనే. ఐచిప్ అని, చిన్న చిన్న రంధ్రాలున్న పలక. రంధ్రానికి ఒక కణం వచ్చేట్టు పలచన చేసి అగార్‌తో నింపి, రెండు వైపులా పల్చటి పొర వేసి, మళ్లీ అదే మట్టిలో పాతిపెట్టారు. ఆహారం మట్టి నుంచే వచ్చింది, పెరిగాయి.
2025లో కెనడాలో మెక్‌మాస్టర్ వాళ్ల పద్ధతి ఇంకా సులువు. ఒకరి పెరటి మట్టి తెచ్చి ప్లేట్లని దాదాపు ఏడాది పాటు వదిలేశారు. నిదానంగా పెరిగినవాటిలో ఒక పేనీబాసిల్లస్ లారియోసిడిన్ అనే కొత్త రకం పదార్థం చేస్తోంది. ప్రోటీన్ తయారయ్యే రైబోజోమ్‌ని ఇదివరకు ఏ మందూ పట్టుకోని చోట పట్టుకుంటుంది. సిస్టర్ చెప్పిన అసినెటోబాక్టర్‌ని ఎలుకల్లో తగ్గించింది. ఏడాది ఓపిక పట్టడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు కదా! మన సెమిస్టర్లే అడ్డం.

నల్లరేగడి_కందుకూరు
ఏడాది పాటు ప్లేటు ఎండిపోదా?

పినాకిని_బయో
అగార్ మందంగా పోసి, అంచుకి పారాఫిల్మ్ చుట్టి, డబ్బాలో తడి దూది పెట్టి మూసేయాలి. మన ఎండలకి అయినా జాగ్రత్తగా ఉండాలి.

ఉప్పుమడి_పిల్ల
మేడం, నా పాత ప్లేట్లు ఇంకా పారేయలేదు. మూలన కొన్ని చాలా చిన్నవి కనిపిస్తున్నాయి, గుండుసూది మొనంత. సరుగుడు తోట మట్టివి.

పినాకిని_బయో
వాటిని ముట్టుకోకు, పెరగనీ! సరుగుడు వేళ్ల బుడిపెల్లో ఫ్రాంకియా ఉంటుంది, అదీ యాక్టినోమైసీటే. గాలిలో నత్రజనిని పట్టి చెట్టుకిస్తుంది. చాలా నిదానంగా పెరుగుతుంది, దాని జన్యువుల్లో ఇలాంటి పదార్థాలు చేసే సరంజామా బోలెడుంది. తీరం పొడుగునా మనకి సరుగుడు తోటలే, దాని జోలికి వెళ్లేవాళ్లు మాత్రం తక్కువ. నీవి ఫ్రాంకియానే అని చెప్పలేను, మైక్రోస్కోపులో చూడాలి.
ఉప్పు మడి మట్టికి మాధ్యమంలో ఉప్పు వేస్తున్నావా?

ఉప్పుమడి_పిల్ల
లేదు మేడం, మామూలు నీళ్లతోనే చేశాం.

పినాకిని_బయో
అయితే ఆ మడికి సొంతమైనవి ఇంకా బయటికి రాలేదు. ఉప్పు లేకున్నా బతికేవే నీ ప్లేటు మీదకొచ్చాయి. సముద్రపు నీళ్లతో ఒక సెట్టు, ఐదు శాతం ఉప్పుతో ఒకటి, పది శాతంతో ఒకటి వెయ్యి. సాలినిస్పోరా అనే జాతి సముద్రపు ఉప్పు లేకపోతే పెరగదు, దాంట్లోంచే క్యాన్సర్ మీద పరీక్షించిన సాలినోస్పోరమైడ్ వచ్చింది.

రొయ్యలగుంట_విడవలూరు
సముద్రపు నీళ్లు ఎన్ని డబ్బాలు కావాల్నో చెప్పు తల్లీ, బండ్లో పంపిస్తా.

లెక్క_చూడు
ఒక జాగ్రత్త. క్లెబ్సియెల్లా కావాలి అన్నారని ఆస్పత్రి నుంచి మొండి క్రిముల్ని కాలేజీ ల్యాబుకి తెచ్చుకోవద్దు.

పినాకిని_బయో
ఇది చాలా ముఖ్యం. వాటికి దగ్గర చుట్టాలు, హాని లేనివి ఉన్నాయి. అసినెటోబాక్టర్ బేలీ, సూడోమోనాస్ పుటిడా, ల్యాబు ఈకోలై కే-12. విద్యార్థులకి అవి చాలు. చూడటం అయిపోయిన ప్లేట్లని ఆటోక్లేవ్ చేయకుండా (ఒత్తిడి ఆవిరితో క్రిముల్ని చంపకుండా) బయట పడేయొద్దు. అవతల మట్టిలో ఏం పెరుగుతుందో మనకి తెలియదు, మందులకి లొంగకుండా చేసే జన్యువులు కూడా మట్టిలోనే ఉంటాయి. ముప్పై వేల ఏళ్ల నాటి మంచు మట్టిలో కూడా అవి దొరికాయి.

రొయ్యలగుంట_విడవలూరు
మనుషులు మందు కనిపెట్టక ముందేనా?!

పినాకిని_బయో
ముందే. మందు చేసే సూక్ష్మజీవి తన మందుకి తాను చావకుండా ఏర్పాటు చేసుకోవాలి కదండీ. అందుకే మీ చెరువు బురదలో మందుతో పాటు దాని విరుగుడు కూడా దొరుకుతుంది. అదనంగా మందు పోసిన చెరువైతే విరుగుడే ఎక్కువ దొరుకుతుంది.

ఉప్పుమడి_పిల్ల
అందరికీ థాంక్స్. పొద్దున గైడ్‌తో మళ్లీ మాట్లాడా. ఈకోలై జోన్ సంగతి, ఇథైల్ అసిటేట్ సంగతి చెప్తే ఆయనే కుర్చీ లాక్కుని కూర్చున్నారు. థీసిస్ ఇప్పుడున్న ఫలితాలతో ఇచ్చేసి, కల్చర్ దాచిపెట్టి, ఉప్పు సెట్టు మాత్రం సెలవుల్లో వేసుకోమన్నారు. ఫ్లాస్కులు ఇవాళే షేకర్ మీద పెట్టా. నాన్నకి ఇంకా చెప్పలేదు.

లెక్క_చూడు
క్యూసీ ఉద్యోగానికి కూడా అప్లై చెయ్యమ్మా. రెండూ చేసుకోవచ్చు.

కనిగిరి_బీడు
ఇంతసేపూ చదువుతూ కూర్చున్నా. మాది కనిగిరి వైపు. మా చేను పక్కన బీడు ఉంది, నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఎవరూ దున్నలేదు, ఎరువూ మందూ పడలేదు. వేసవిలో నిప్పులకొలిమి. అక్కడి మట్టి పనికొస్తదా? ఆదివారం నెల్లూరు వస్తున్నా, ఇచ్చిపోతా.

ఉప్పుమడి_పిల్ల
తప్పకుండా కావాలన్నా! పైన ఎండు పొర గీకేసి, జానెడు లోతు నుంచి గుప్పెడు తీయండి. గరిటె మంట మీద కాల్చి చల్లార్చాక వాడండి. పొడిగా ఉంటే కాగితం కవరు చాలు. ఏదైనా చెట్టు వేరు దగ్గర తీస్తే అది విడిగా వేసి చెట్టు పేరు రాయండి. పుట్ట ఉంటే అందులోది ఇంకో కవరు. తేదీ, చోటు పెన్సిల్‌తో రాయండి, పెన్ను అయితే చెమటకి చెరిగిపోతుంది.